మందకు ముందు ఆవు నడవరాదట!

పశుశాస్త్రంలో ఒక పరమసత్యం దక్షిణాఫ్రికాలోని లింపోపోలో ఎన్నడో తేలిపోయింది: ఆవు ముందు నడిస్తే మంద గోతిలో పడుతుంది. అక్కడి పేడీ జాతివాళ్ళ సామెత ఇది. ఆడదానికి పెత్తనం ఇవ్వొద్దని దీని భావం. మనవాళ్ళ 'ఆడపెత్తనం తంబళి దొరతనం' కూడా ఈ పరిశోధనాలయంలో తయారైన సరుకే. ఒక్క దెబ్బకు ఆడదానికీ, శివాలయ పూజారి తంబళికీ, ఇద్దరికీ అవమానం.

ఇంతకీ ప్రయోగం ఎలా జరిగి ఉంటుంది? పెద్దలు గొయ్యి తవ్వించి, ఆవును ముందు నిలబెట్టి మందను తోలించారు. ఆవు గొయ్యి చూసి పక్కకు తప్పుకుంది. ఇలా కాదని అక్కడా ఒకటి తవ్వించారు. మళ్ళీ తప్పుకుంది. వెనకాల దిక్కులు చూస్తూ వస్తున్న ఎద్దు మాత్రం దభీమని పడింది. "చూశారా, ఆవును నమ్మినందుకు!" అని సభ ఏకగ్రీవంగా తేల్చింది. మందను నీళ్ళకు నడిపేది చాలాసార్లు ముసలావేనని పశువుల కాపరికి తెలుసు, కానీ సభలో వాడినెవరు అడుగుతారు? అన్నట్టు, పెళ్ళికూతురికి లొబోలా, అంటే అక్కడి కన్యాశుల్కం, లెక్కగట్టేది పశువుల్లోనే. అప్పుడు ఆవు ముందు నడిచొచ్చినా అభ్యంతరం లేదు.

లింపోపోలోనే ఉండే మరో జాతి త్సోంగాల్లో వలోయి తెగ పెద్ద ఫొఫోజా న్వామిత్వా 1968లో మగసంతానం లేకుండా పోయాడు. పెద్ద కూతురు తిన్యికో ఉండగా గద్దె ఫొఫోజా తమ్ముడు రిచర్డ్‌కు దక్కింది. 1996-97లో తెగే కూర్చుని, రిచర్డ్ తర్వాత ఆమేనని తీర్మానించింది. 2001లో రిచర్డ్ పోగానే ఆయన కొడుకు సిడ్వెల్ అడ్డం తిరిగాడు. కింది రెండు కోర్టులూ అతని పక్షమే. ఆచారాన్ని మార్చుకునే హక్కు తెగకుందని రాజ్యాంగ న్యాయస్థానం చెప్పేసరికి 2008 జూన్ 4. ఆ దగ్గర్లోనే బలోబెదు జాతిని సుమారు 1800 నుంచి, వాన కురిపిస్తారని పేరుపడ్డ మొజాజీ రాణులు ఏలుతూ వచ్చారు. వాళ్ళ గొయ్యి ఎక్కడుందో ఇంకా వెతుకుతున్నట్టున్నారు.

ఇక త్సోంగాల సొంత సరుకు 'వుకాటి బ్యా కాటింగా'. కాపురం పెనం మీద వేయిస్తుంది, ఓర్చుకో అని. ఓర్చుకోవాల్సింది పెళ్ళికూతురే, పెళ్ళికొడుకు కాదు. పొయ్యి ఎవడు రాజేశాడు, పెనం మీద ఆమే ఎందుకుండాలి, దిగిపోతే ఏం పోతుంది? సామెతకు అవేం పట్టవు. దెబ్బలు తిన్నదానికీ అదే మందు. 1927 నాటి తెల్లదొరల చట్టమైతే, ఆచారం ప్రకారం పెళ్ళాడి మొగుడితో ఉంటున్న నల్లజాతి స్త్రీని మైనరుగా లెక్కగట్టింది. పిల్లల్ని కని, చేను దున్ని, నెత్తిన నీళ్ళు మోసే మనిషి మైనరట! భార్యకు సమాన హోదా ఇచ్చిన చట్టం అమల్లోకి వచ్చింది 2000 నవంబరు 15న. ఆ తర్వాత కూడా పెళ్ళిపందిట్లో ఈ వేపుడు మాటను దీవెనలా వడ్డించేవాళ్ళకు సిగ్గుండాలి.