పొద్దున హడావిడికి పిల్లల్ని తిట్టి ఏం లాభం?

జూన్ రెండో వారంలో బడులు తెరవగానే తల్లిదండ్రులకు సలహాలు మొదలవుతాయి. రాత్రే యూనిఫాం ఇస్త్రీ చేసి పెట్టుకోండి, అరగంట ముందు లేపండి, టీవీ కట్టేయండి. రీల్స్‌లో ఒకావిడ నవ్వుతూ అన్నీ చేసి చూపిస్తుంది కూడా. ఆ సలహాలు తప్పని అనను. కాకపోతే పొద్దున టెన్షన్ ఉందంటే ఆ ఇంట్లో క్రమశిక్షణ లేదన్నట్టు మాట్లాడతారు చూడండి, పేచీ అక్కడే. కర్నూలులో ఇద్దరు చిన్నపిల్లలతో బడి సీజన్ నెట్టుకొస్తున్నాను. మా ఇంట్లో పొద్దున ఏది ఎప్పుడు జరగాలో కొళాయి, ఆటో, బడి గంట కలిసి నిర్ణయిస్తాయి. ఆ మూడూ ఒకదాన్నొకటి పట్టించుకోవు.

ఆటో సంగతే చూడండి. బడి తొమ్మిదికే. కానీ ఆటో వెంకటరమణ కాలనీలో మొదలై, సందుసందూ తిరిగి, నంద్యాల చెక్‌పోస్టు దాటేసరికి అందులో ముందు ఎక్కిన పిల్లాడు చివర ఎక్కిన పిల్లాడి కంటే చాలాసేపు ముందే లేచి ఉంటాడు. ఇద్దరిదీ ఒకటే తరగతి, ఒకటే ఫీజు. తొలి ఇంటి పిల్లాడు మొదటి పీరియడ్‌లో కునికిపాట్లు పడితే డైరీలో ‘శ్రద్ధ లేదు’ అని వస్తుంది.

ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లోనే చెప్పింది. మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకైతే పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు. అంటే తక్కువలో తక్కువ తొమ్మిది గంటల లెక్క చూసినా, ఆరింటికి లేవాల్సిన పిల్లాడు రాత్రి తొమ్మిదికల్లా పడుకోవాలి. నాన్న దుకాణం కట్టేసి వచ్చేదే తొమ్మిదిన్నరకు. ఆయన్ను చూడకుండా పడుకోమంటే ఏ పిల్లాడు వింటాడు? పైగా హోంవర్కు. రెండో తరగతి దాకా అసలు హోంవర్కే వద్దని, 3 నుంచి 5 తరగతులకు వారానికి రెండు గంటలు మించొద్దని కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీ చెబుతోంది. యూకేజీ పిల్లల డైరీలు చూస్తే ఆ కాగితం మన దాకా వచ్చినట్టు అనిపించదు.

ఇవన్నీ ఒక ఎత్తు, మధ్యాహ్నం బాక్సు ఒక ఎత్తు. ప్రభుత్వ బడిలో 2003 జనవరి నుంచి వండిన భోజనం పెడుతున్నారు. ఇప్పుడది డొక్కా సీతమ్మ మధ్యాహ్న బడి భోజనం. ప్రాథమిక తరగతుల పిల్లలకు ఆ పూట 450 కేలరీలు, 12 గ్రాముల ప్రొటీన్ అందాలని లెక్క ఉంది. రుచి మీద ఫిర్యాదులు ఉంటాయి, కాదనను. కానీ ఆ బడికి పంపే తల్లికి బాక్సు దిగులు లేదు. ప్రైవేటు బడులకు పంపే మనం వేలకు వేలు ఫీజు కట్టి, చాలాచోట్ల ఆ పని కూడా ఇంటికే తెచ్చుకున్నాం.

బాక్సంటే అన్నం వండి పెట్టడం కాదు. ఐదారు గంటల తర్వాత, ఈ ఎండల్లో, తినేలా ఉండాలి. పొద్దున వేడిగా బాగుండే ఉగ్గాని మధ్యాహ్నానికి ఎండిపోతుంది. చిత్రాన్నం నిలుస్తుంది, కానీ రోజూ అదే అంటే పిల్లలు తిరగబడతారు. పెరుగన్నం పులుస్తుందని అన్నంలో గోరువెచ్చని పాలు పోసి చెంచా పెరుగు వేస్తే గంట కొట్టేసరికి తోడుకుంటుంది. ఇది మా అత్తగారి కిటుకు, ఏ రీల్‌లోనూ చూడలేదు. ఇంత చేసినా సగం బాక్సు వెనక్కి వస్తుంది. తినడానికి ఇచ్చిన టైమే తక్కువ మరి.

ఇదంతా ఎవరి మీద పడుతుందో చెప్పాలా? ఎవరి రోజు ఏ పనులకు పోతోందో కేంద్రం లెక్కగట్టిన 2024 టైమ్ యూజ్ సర్వే ప్రకారం 15–59 ఏళ్ల ఆడవాళ్లలో ఇంట్లోవాళ్ల సంరక్షణ చూసేవాళ్లు 41 శాతం, మగవాళ్లలో 21 శాతం. ఆ పని చేసేవాళ్లలోనూ ఆడవాళ్లు రోజుకు సగటున 140 నిమిషాలు పెడితే మగవాళ్లు 74. బండి మీద దింపి రావడం వీధిలో నలుగురికీ కనిపిస్తుంది, ‘మంచి నాన్న’ అని పేరూ వస్తుంది. సాక్సు రెండోది ఎక్కడుందో గుర్తుపెట్టుకోవడాన్ని ఎవరు చూశారు?

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలైతే లెక్క మళ్లీ మారుతుంది. 7.45కు బడి, 12.30కు ఇంటికి. ఎండల వల్ల అది అవసరమే. కానీ సరిగ్గా రోడ్డు కాలే వేళకే పిల్లలు ఆటోలో ఉంటారు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో, అవ్వా తాతలు దగ్గర లేకపోతే, ఆ మధ్యాహ్నాలు పక్కింటివాళ్ల దయ.

పేరెంట్స్ మీటింగుల్లో మనం మార్కులు అడిగి వచ్చేస్తున్నాం. ఆటో రూటు నెలకోసారి తిరగేయమనొచ్చు, ముందు ఎక్కేవాళ్లు చివరికి మారతారు. ఖర్చు పైసా లేదు. భోజనం బడిలోనే వండితే నెలకు ఎంతవుతుందో అడగొచ్చు. చిన్న తరగతులకు హోంవర్కు ఎందుకు ఇస్తున్నారో రాసివ్వమనొచ్చు. ఒక్కరు అడిగితే ‘మీ ఒక్కరికే సమస్య మేడమ్’ అంటారు. అందుకే క్లాసు వాట్సాప్ గ్రూపులో ముందే మాట్లాడుకుని నలుగురైదుగురు కలిసి వెళ్లాలి.