టీమ్ రౌండ్‌లో మావాడి వాటా ఎంత?

మ్యాథ్‌కౌంట్స్ చాప్టర్ (స్థానిక స్థాయి) పోటీ అయిన రోజు రాత్రి మా తెలుగు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో ఒక తండ్రి పెట్టిన మెసేజ్ ఇది: "టీమ్ రౌండ్‌లో మావాడు పదిలో ఆరు చేశాడు. మిగతా ముగ్గురూ కాస్త సపోర్ట్ చేసుంటే మనదే ఫస్ట్." దాని కింద వరసగా చప్పట్లు, దండాలు. ఆ మిగతా ముగ్గురి అమ్మానాన్నలూ అదే గ్రూపులో ఉన్నారన్న సంగతి ఆయనకి తట్టలేదు. లేదా తట్టే పెట్టాడు.

అమెరికాలో ఉంటూ పిల్లలు ఇంకా మిడిల్ స్కూల్‌కి రాని అదృష్టవంతుల కోసం చెప్తున్నా. మ్యాథ్‌కౌంట్స్ అంటే ఆరు నుంచి ఎనిమిదో తరగతి పిల్లల లెక్కల పోటీ, 1980ల నుంచి నడుస్తోంది. స్ప్రింట్ రౌండ్‌లో 40 నిమిషాలు, 30 లెక్కలు, క్యాలిక్యులేటర్ ముట్టుకోకూడదు. టార్గెట్‌లో 8 లెక్కలు, రెండేసి చొప్పున ఇస్తారు, జతకి 6 నిమిషాలు. ఈ రెండూ ఎవరి మటుకు వాళ్లు చేసుకునేవి, కాబట్టి మనకి ఏ ఇబ్బందీ లేదు. అసలు తలనొప్పి తర్వాత వచ్చే టీమ్ రౌండ్. స్కూల్ కోచ్ ఎంపిక చేసిన నలుగురు పిల్లలు ఒకచోట కూర్చుని, మాట్లాడుకుంటూ, 20 నిమిషాల్లో 10 లెక్కలు చేయాలి. క్యాప్టెన్ రాసిచ్చిన పేపర్ ఒక్కటే దిద్దుతారు. ఏ లెక్క ఎవరు చేశారో దాని మీద ఎక్కడా ఉండదు! ఎంసెట్ ర్యాంకుని బట్టి మనిషికి కుర్చీ వేయాలా వద్దా అని తేల్చుకుంటూ పెరిగినవాళ్లం, ఇంత అన్యాయాన్ని ఎలా భరిస్తాం?

భరించలేదు. తలుపు తీసి పిల్లలు బయటికి రాగానే, పులిహోర డబ్బాల మూతలైనా తీయకుండా విచారణ మొదలుపెట్టాం.

"ఏడోది ఎవరు చేశారు నాన్నా?"

"అందరం, డాడీ."

"అందరం అంటే?"

"నేను ఐడియా చెప్పా, వాడు కౌంట్ చేశాడు, తను తప్పు పట్టుకుంది, మళ్లీ చేశాం."

"అదంతా సరే, ఫైనల్‌గా ఎవరు చేశారు?"

పిల్లాడు పాపం నిజంగానే ఆలోచించి, "ఏడోది జామెట్రీనా?" అన్నాడు.

అప్పుడు రంగంలోకి దిగాడు మన మెసేజ్ తండ్రి. ఆఫీసులో పదిమంది చేసిన పనిని తన స్లైడ్‌లో పెట్టుకుని ప్రమోషన్లు కొట్టిన మనిషి, ఇలాంటివి ఆయనకి ఎడమచేతి పని. ఫోన్లోనే ఎక్సెల్ షీట్ తెరిచాడు. లెక్క చేస్తే 1, ఐడియా ఇస్తే అర, క్యాలిక్యులేటర్ నొక్కితే పావు. జవాబు రాసినందుకు సున్నా అనేసరికి క్యాప్టెన్ వాళ్లమ్మ ఊరుకోలేదు, "మావాడి చేతిరాత బాగుండబట్టే కదండీ మార్కులొచ్చింది" అని పావు రాయించుకుంది. అన్నదమ్ముల పొలం పంపకంలో కూడా ఇంత పట్టింపు చూడలేదు నేను. చివరికి నలుగురి ఖాతాలూ కూడితే మొత్తం పదమూడు లెక్కలు చేసినట్టు తేలింది. పేపర్లో ఉన్నవి పది. అందులో రైటైనవి ఏడు. కూడికలో తేడా ఎక్కడొచ్చిందని షీట్‌ని కిందికీ పైకీ జరుపుతూ ఇంజినీర్లందరూ పార్కింగ్ లాట్‌లో నిలబడ్డారు, పిల్లలు మాత్రం ఒక కారు బానెట్ మీద కూర్చుని ఒకే చిప్స్ ప్యాకెట్ తింటున్నారు.

కాబట్టి నిర్వాహకులకి నా సవినయ మనవి. వచ్చే ఏడాది నుంచి ఒక్కో జట్టుకీ ఒక సీసీ కెమెరా, ఒక నోటరీ ఇవ్వండి. పిల్లలు నోరు తెరిచే ముందు పేరు, స్కూల్, తండ్రి హోదా చెప్పి మాట్లాడాలి. ఐడియా ఇచ్చినవాడికి రసీదు ఇవ్వాలి.

ఇక్కడితో నవ్వుకుని వదిలేద్దును. కానీ ఆ షీట్‌లో తప్పు పట్టుకోవడానికి కాలమ్ లేదు. ఏడో లెక్కలో తప్పు పట్టుకున్న అమ్మాయి ఖాతాలో పడింది దాదాపు సున్నా. వ్యక్తిగత మార్కుల్లో కూడా జట్టులో ఆఖరు తనే. మర్నాటికల్లా కోచ్‌కి ఆ తండ్రి నుంచి మెయిల్ వెళ్లింది, యావరేజ్ దెబ్బతింటోంది కాబట్టి నాలుగో మెంబర్‌ని మార్చే విషయం ఆలోచించమని.

యావరేజ్ అన్నారు కాబట్టి లెక్కే చూద్దాం సార్. జట్టు స్కోరంటే నలుగురి వ్యక్తిగత మార్కుల సగటు, దానికి టీమ్ రౌండ్‌లో రైటైన ఒక్కో లెక్కకీ 2 కలుపుతారు. ఆ పిల్లకి మీవాడి కంటే 8 మార్కులు తక్కువొస్తే సగటులో పోయేది 2. ఏడో లెక్కని కాపాడినందుకు వచ్చింది 2. చెల్లుకి చెల్లు. ఆరో తరగతి పిల్లలు వేళ్ల మీద చేసే భాగహారం ఇది, మీకు రాక కాదు, అక్కర్లేదు. మీకు కావాల్సింది ఒక పదకొండేళ్ల పిల్ల మీద తోసేయడానికి ఒక ఓటమి, అది కూడా ఆ పిల్ల తండ్రి చదివే గ్రూపులో, చప్పట్ల మధ్య. సిగ్గనిపించలేదా? ఆ మెయిల్ రాసేటప్పుడు పక్కన మీ పిల్లాడు లేడా? తను ఆ తప్పు పట్టుకోకపోతే మీవాడి ఆరు కాస్తా ఐదయ్యేది, అది మీ షీట్ ప్రకారమే.

ఆ పిల్ల వచ్చే ఏడాది పోటీకి రానందట. గ్రూపులో ఆ కబురుకి కూడా ఎవరో చప్పట్లు కొట్టారు.