రాక్ పాటలో పరమాత్మను వెతికే అలవాటు గారికి

మహారాజశ్రీ అలవాటు గారి దివ్యసముఖమునకు, కూకట్‌పల్లి నుంచి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. ఆ 'ఉభయ'లోంచి నన్ను మాత్రం తీసెయ్యండి. నిన్న మధ్యాహ్నం నుంచి నాకు కుశలం లేదు.

ఆదివారం కదా, భోజనానికి రమ్మంటే కొండాపూర్‌లో మా బావగారింటికి వెళ్ళాను. బిర్యానీ వచ్చింది, రైతా వచ్చింది, వెనకే తమరూ వచ్చారు. స్పీకర్లో ఈగల్స్ అనే అమెరికా బృందం పాట 'హోటల్ కాలిఫోర్నియా' మొదలవగానే బావగారు గరిట కింద పెట్టేశారు.

"హోటలంటే ఏమనుకున్నావోయ్? దేహం!"

అయిపోయింది. ఆ పాటలో కనిపించే హోటల్ రాత్రి డ్యూటీవాడు చిత్రగుప్తుడట. చెక్ అవుట్ చేసినా బయటపడలేకపోవడం పునర్జన్మట. కత్తులతో పొడిచినా చావని ఆ మృగం అహంకారమట. పాట ఆరున్నర నిమిషాలు, భాష్యం గంటా నలభై. మూత తీసిన గిన్నెలో బిర్యానీ నా కళ్ళముందే చల్లారింది.

"మరి చివర్లో మాటల్లేకుండా రెండు గిటార్లు కొట్లాడుకుంటాయే, అదేంటి బావగారూ?" అన్నాను, బుద్ధి లేక.

"మౌనవ్యాఖ్య!"

రెండు ఎలక్ట్రిక్ గిటార్లు మౌనమటండీ! మర్రిచెట్టు కింద మౌనంతోనే బోధించే దక్షిణామూర్తి వింటే అక్కడ నుంచి లేచిపోడూ?

లాస్ ఏంజెలిస్ డబ్బూ మత్తూ భోగాల మీద 1976లో రాసుకున్న పాట అది. ఆ మాట ఈగల్స్ వాళ్ళే చెప్పుకున్నారు. అదే అంటే, "వాళ్ళకు తెలియకుండా పైవాడు పలికించాడు" అన్నారు బావగారు. ఇదిగో, ఇక్కడే నాకు ఒళ్ళు మండేది. రాసినవాడి మాట చెల్లదు, పాడినవాడి మాట చెల్లదు, పళ్ళెం ముందు ఆకలితో కూర్చున్నవాడి మాట అసలే చెల్లదు!

పోనీ నిజంగా భక్తి ఉన్నచోటికి వెళ్తారా అంటే అదీ లేదు. జార్జ్ హారిసన్ 1970లోనే 'మై స్వీట్ లార్డ్'లో 'హరే కృష్ణ'తో పాటు 'గురుర్బ్రహ్మ' శ్లోకం కూడా పెట్టాడు. అర్థం పైకే కనిపిస్తోంది కాబట్టి అక్కడ తమకు గిట్టుబాటు కాదు. 'లూజింగ్ మై రెలిజియన్' అని ఇంకో పాట ఉంది, ఆ పేరు అమెరికా దక్షిణాది జనం ఓపిక నశించినప్పుడు అనే మాట. దాన్ని సన్న్యాసం చేసి పెట్టారు. నిన్న నాకు పోయింది సరిగ్గా అదే. ఇక 'స్టెయిర్‌వే టు హెవెన్' పాటని వెనక్కి తిప్పి సైతానును వెతికినవాళ్ళు కూడా తమరి చుట్టాలే కదూ?

చెక్ అవుట్ దొరకని బాధ వినాలనుంటే గోల్కొండ ఎంత దూరమండీ? చెరసాలలో కూర్చుని 'ఎవడబ్బ సొమ్మని కులుకుతూ తిరిగేవు' అని రాముణ్ణే నిలదీశాడు రామదాసు. దానికి భాష్యమెందుకు? కోపమొచ్చింది, అడిగాడు.

సాయంత్రం బస్సెక్కి, చెవులు కడుక్కుందామని 'లెట్ ఇట్ బి' పెట్టుకున్నాను. అందులోని మేరీని అందరూ మరియమ్మ అనుకుంటారు. కాదు. ఆవిడ ఆ పాట రాసి పాడిన పాల్ మెకార్ట్‌నీ కన్నతల్లి. అతనికి పద్నాలుగేళ్ళప్పుడు పోయింది, తర్వాతెప్పుడో కలలోకొచ్చి ధైర్యం చెప్పింది. మా అమ్మా అంతే. పాలు పొంగిపోయినా, నా ఇంటర్ పరీక్ష పోయినా ఒకటే మాట అనేది: "పోనీలేరా."

తల ఎత్తేసరికి బస్సు మూసాపేటలో ఉంది. వెనక్కి రావడానికి ఆటోకి ఎనభై రూపాయలైంది.

ఆ ఎనభై తమరే ఇచ్చుకోవాలి.

ఇట్లు,
చల్లారిన బిర్యానీ తిన్నవాడు