మూడు పాస్‌ల లెక్కలో జారిపోయిన సగం

కొన్నాళ్లుగా తిరుపతి, చిత్తూరుల్లో ఫుట్‌బాల్ ఆడే పిల్లకాయల ఫోన్లలో ఒకటే వీడియో తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: "మూడు పాస్‌ల లోపే నూటికి ఎనభై గోల్స్ పడతాయి. ఎక్కువసార్లు కొట్టినవాడికే ఎక్కువ గోల్స్. వెయ్యి పాస్‌లు వేసిన స్పెయిన్ ఇంటికి పోయింది. మన గతుకుల గ్రౌండ్లకు పాసింగ్ పనికిరాదు, అసలది మన ఆటే కాదు. బంతి అందిందా, కొట్టెయ్."

నేను సాయంత్రాలు పదమూడు నుంచి పదహారేళ్ల పిల్లలకు ఆట నేర్పుతాను. ఆ వీడియో వచ్చిన దగ్గర్నుంచి మావాళ్లు సగం గ్రౌండు దాటితే చాలు, కాలు ఎత్తేస్తున్నారు. గీత బయట నిలబడ్డ తండ్రులు "కొట్రా, కొట్రా" అని అరుస్తున్నారు. పోయిన నెల ఒక టోర్నమెంటులో, కొట్టకుండా పక్కవాడికి పాస్ ఇచ్చినందుకు ఒక పిల్లాణ్ణి వాళ్ల కోచ్ అక్కడికక్కడే బయటికి లాగేశాడు. ఆ పాస్ సరైన పాస్. పిల్లాడు బెంచీ మీద తల దించుకుని కూర్చున్న తీరు నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను.

ముందు ఆ ఎనభై శాతం సంగతి. అది గాల్లోంచి పుట్టిన లెక్క కాదు. ఇంగ్లండు వైమానిక దళంలో అకౌంటెంటుగా పనిచేసిన చార్లెస్ రీప్ 1950 మార్చి 18న స్విండన్ టౌన్ క్లబ్ ఆట చూస్తూ, ఫస్ట్ హాఫ్ అయ్యాక పెన్సిలు తీసి ప్రతి దాడినీ కాగితం మీద రాయడం మొదలుపెట్టాడు. తర్వాత ఏళ్ల తరబడి అదే పని చేశాడు. 1968లో బెర్నార్డ్ బెంజమిన్ అనే గణాంకవేత్తతో కలిసి ఫలితాలు అచ్చువేశాడు. గోల్స్‌లో సుమారు 80 శాతం మూడు పాస్‌లు, అంతకు లోపు దాడుల్లోనే పడ్డాయన్నది ఆయన తేల్చిన మాట. ఇక్కడిదాకా వీడియోతో పేచీ లేదు.

కానీ అదే రీప్ కాగితాల్లో ఇంకో అంకె ఉంది. ఆటలో జరిగే మొత్తం దాడుల్లో దాదాపు 91.5 శాతం మూడు పాస్‌ల లోపే ముగిసిపోతాయి. ఎవరో అడ్డం పడతారు, బంతి గీత దాటుతుంది, పాస్ తప్పిపోతుంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టండి. 91.5 శాతం దాడులు కలిసి 80 శాతం గోల్స్ ఇచ్చాయి. మిగిలిన 8.5 శాతం దాడులు, అంటే నాలుగు పాస్‌లూ ఆపైన సాగినవి, 20 శాతం గోల్స్ ఇచ్చాయి. భాగించి చూస్తే ఒక్కో పొడుగు దాడి ఒక్కో పొట్టి దాడి కంటే రెండున్నర రెట్లకు పైగా పండింది. తిరుమల కొండ మీద కనిపించే జనంలో ఎక్కువమంది బస్సులోనో కారులోనో వచ్చినవాళ్లే. అంతమాత్రాన అలిపిరి నుంచి నడిచి బయల్దేరినవాళ్లు కొండ చేరలేరని ఎవరైనా అంటారా? ఎంతమంది చేరారని ఒక్కటే అడిగితే సరిపోదు, ఎంతమంది బయల్దేరారో కూడా అడగాలి. వీడియో ఆ రెండో ప్రశ్నను వదిలేసింది.

నా పక్షానికి అడ్డొచ్చే మాట కూడా ఇక్కడే చెప్పాలి. పొడుగు దాడులు ఎక్కువగా చేసేది మంచి జట్లే, కాబట్టి ఆ రెండున్నర రెట్లలో పాస్‌ల గొప్ప ఎంతో, ఆటగాళ్ల గొప్ప ఎంతో విడదీయడం కష్టం. 1990, 1994 ప్రపంచ కప్‌ల దాడులను మైక్ హ్యూస్, ఇయాన్ ఫ్రాంక్స్ అనే పరిశోధకులు మళ్లీ లెక్కవేసి 2005లో ప్రచురించారు. బాగా ఆడిన జట్లకు ఎక్కువ పాస్‌ల దాడుల్లోనే ఎక్కువ షాట్లు దొరికాయి. కానీ కొట్టిన షాట్లలో గోల్‌గా మారినవి ఎన్ని అని చూస్తే, తక్కువ పాస్‌ల దాడులదే పైచేయి. ఎందుకు? బంతిని అప్పుడే లాక్కున్నారు, అవతలి డిఫెండర్లు ఇంకా వాళ్ల చోట్లలోకి రాలేదు. అంటే పనిచేసింది పాస్‌లు తక్కువ కావడం కాదు, ఎదుటి జట్టు చెదిరి ఉండడం. చెదిరి ఉన్నప్పుడు వేగంగా పోవాలి. చెదరనప్పుడు చెదరగొట్టాలి, దానికే పాస్‌లు. ఈ ఒక్క తేడా పిల్లల బుర్రకెక్కితే చాలు, పాస్‌లు లెక్కపెట్టే అవసరమే రాదు.

"ఎక్కువ కొడితే ఎక్కువ గోల్స్" అన్నదానికి జవాబు గ్రౌండు మీదే ఉంది, టేపు పట్టుకుని కొలుచుకోవచ్చు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44. పెనాల్టీ చుక్క గోల్‌కి 11 మీటర్లు. అక్కడి నుంచి చూస్తే రెండు పోస్టుల మధ్య సుమారు 37 డిగ్రీల కోణం తెరుచుకుంటుంది. నేరుగా వెనక్కి నడిచి 25 మీటర్ల దగ్గర నిలబడితే అది 17 డిగ్రీలు కూడా ఉండదు. మా పిల్లాడు గంటకు 70 కిలోమీటర్ల వేగంతో కొట్టాడనుకుందాం. 11 మీటర్ల నుంచి బంతి అర సెకను దాటగానే గోల్‌లో ఉంటుంది, 25 మీటర్ల నుంచి అయితే 1.3 సెకన్లు పడుతుంది. గోలీ ఒక అడుగు పక్కకు వేసి ఎగరడానికి ఆ తేడా చాలు. ఇక మధ్యలో అడ్డం నిలబడ్డ కాళ్లున్నాయి.

పెద్ద లీగుల్లో, పచ్చిక మీద, ఇదే బతుకుతెరువుగా ఆడేవాళ్లు డీ (గోల్ ముందు గీసిన పెనాల్టీ పెట్టె) బయటి నుంచి కొట్టే నూరు షాట్లలో గోలయ్యేవి మూడో నాలుగో. అన్ని చోట్ల నుంచీ కలిపితే పదింటికి ఒకటి. పెనాల్టీలైతే నూటికి డెబ్బై అయిదు పైనే. ఇవి చూశాక "ఎన్ని కొట్టావు" అన్న ప్రశ్న కన్నా "ఎక్కడి నుంచి కొట్టావు" అన్న ప్రశ్నే పెద్దది. దూరం నుంచి కొట్టి పోగొట్టిన ప్రతి బంతీ ఎదుటి జట్టుకు చేతికిచ్చిన బంతి. మా గ్రౌండులో దాని ఖరీదు ఇంకా ఎక్కువ. ఉన్నది ఒక్క మంచి బంతి. అది గోడ దాటి రోడ్డు మీద పడితే ఒకడు పరుగెత్తి తెచ్చేదాకా ఇరవై మంది నిలబడిపోతారు.

స్పెయిన్ సంగతి నిజం. 2018 ప్రపంచ కప్‌లో, మాస్కోలో, రష్యా మీద వెయ్యికి పైగా పాస్‌లు వేసి 1-1తో ఆగి, పెనాల్టీల్లో ఓడింది. 2022 ప్రపంచ కప్‌లో మొరాకో మీద మళ్లీ వెయ్యి దాటి, ఒక్క గోలూ వేయలేక, పెనాల్టీల్లో 0-3తో పోయింది. ఆ రెండు ఆటలూ చూసి నాకూ విసుగొచ్చింది, దాచుకోను. కానీ అక్కడ తప్పింది ఓపిక కాదు. బంతి ఈ పక్కనుంచి ఆ పక్కకు పోతోంది గానీ డిఫెండరు ఒక్కడూ కదలడం లేదు. ఎదుటివాడు కదలాల్సిన పని పెట్టని పాస్ దాడికి ఏమీ కలపదు. నేను పిల్లలకు చెప్పేది ఇదే: పాస్ ఇచ్చాక నిన్ను కాసేవాడు ఎటు తిరిగాడో చూడు, వాడు వీపు చూపిస్తే నువ్వు పరుగెత్తు.

అదే స్పెయిన్ 2010లో కప్పు గెలిచింది కదా. మొదటి ఆట స్విట్జర్లాండ్‌కు 0-1తో పోగొట్టుకున్నా తీరు మార్చుకోలేదు. నాకౌట్‌లో నాలుగు ఆటలూ 1-0. ఏడు ఆటల్లో వేసినవి 8 గోల్స్, ఇచ్చినవి రెండే. ఫైనల్ గోల్ 116వ నిమిషంలో వచ్చింది, ఇనియెస్తా డీ లోపల నిలబడి కొట్టాడు. ఇంకా మంచి ఉదాహరణ 2006లో సెర్బియా మాంటెనెగ్రో మీద అర్జెంటీనా వేసిన రెండో గోల్. పాతిక దాకా పాస్‌లు. చివర్లో కాంబియాసో డీలోకి దూరుతూ క్రెస్పోకి ఇచ్చాడు, క్రెస్పో మడమతో వెనక్కి తట్టాడు, కాంబియాసో కొట్టాడు. అప్పటిదాకా నడక, ఆ చివరి క్షణాలు మాత్రం మెరుపు. ఓపికగా ఆడడమంటే చివరిదాకా నెమ్మదిగా ఆడడం కాదని పిల్లలకు చూపించడానికి ఇంతకన్నా మంచి గోల్ నాకు దొరకలేదు.

"మన గతుకుల గ్రౌండ్లకు పాసింగ్ పనికిరాదు." నన్ను బాగా బాధపెట్టిన మాట ఇది, ఎందుకంటే దీన్ని మా పిల్లలు నమ్ముతున్నారు. గులకరాళ్ల నేల మీద బంతి ఎటు ఎగురుతుందో తెలియదు, సరే. అయితే ఆ ఎగిరే బంతిని 25 మీటర్ల నుంచి గురిగా కొట్టడం తేలికా, అయిదు మీటర్ల దూరంలో ఉన్నవాడికి పాదం లోపలి పక్కతో తోయడం తేలికా? గ్రౌండు చెడ్డదయ్యేకొద్దీ పాస్ పొట్టిది కావాలి, ఫస్ట్ టచ్, అంటే బంతిని అందుకునే మొదటి తాకు, మెత్తబడాలి. ఏప్రిల్ ఎండ సంగతి తిరుపతిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బంతి మన దగ్గరుంటే ఎండలో పరుగులు ఎదుటివాళ్లవి.

నేను చేసేది చిన్న పని. గోల్ ముందు ముగ్గుపిండితో పన్నెండు మీటర్ల గీత గీస్తాను. ప్రాక్టీసు ఆటలో గీత లోపలి నుంచి వేసిన గోల్‌కి రెండు, బయటి నుంచి అయితే ఒకటి. బయటి నుంచి కొట్టొద్దని ఒక్కసారీ అనను. మొదటి రెండు రోజులు వినరు. తర్వాత వింగు మీద నుంచి, అంటే గ్రౌండు పక్క అంచు నుంచి, గోల్ ముందున్నవాడికి వెనక్కి కోసి ఇచ్చే పాస్‌ను వాళ్లంతట వాళ్లే కనిపెడతారు. అది చూసిన రోజు నాకు ఇంటికి వెళ్లబుద్ధి కాదు.

ఇక "అది మన ఆటే కాదు" అన్నదానికి ఒక్క పేరు చాలు. హైదరాబాదు రహీం సాహెబ్, సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తికి బడి పంతులు. డ్రిబ్లింగ్ చెయ్యకూడదన్న నియమంతో, అలవాటు లేని కాలితోనే ఆడాలన్న నియమంతో పోటీలు పెట్టించిన మనిషి. డ్రిబ్లింగ్ లేకపోతే మిగిలేది పాసే కదా. ఆయన చేతికింద భారత్ 1951, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకాలు గెలిచింది, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో సికింద్రాబాదు కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు. మన ఆట కాదట!

నిన్న ప్రాక్టీసు అయ్యాక ఒక పిల్లాడు చెప్పులేసుకుంటూ అడిగాడు. "అయితే సార్, దూరం నుంచి ఎప్పుడూ కొట్టకూడదా?"

"ఎందుకు కొట్టకూడదు నాయనా. గోలీ గోల్ వదిలి ముందుకొచ్చి ఉంటే కొట్టు. వాళ్ల కాలి నుంచి అప్పుడే లాక్కున్నావు, నీ ముందు ఎవరూ లేరు, కొట్టు. గోలీ తోసిన బంతి నీ కాళ్ల మీదికే వస్తే ఆలోచించకుండా కొట్టు. ఇద్దరు అడ్డం ఉండి, నీ కుడిపక్క మనవాడు ఖాళీగా నిలబడి ఉంటే మాత్రం వాడికివ్వు."

"మా నాన్న అరుస్తాడు సార్."

"రేపు ఆయన్ని కొంచెం ముందుగా రమ్మను. గీత ఆయనతోనే గీయిద్దాం."