ఆ వాక్యం మొదలు ఎవరూ చదవరు

కార్తీకం వచ్చిందంటే రాజోలు దగ్గర మా ఊళ్ళో తెల్లవారుజాము నాలుగున్నరకే మైకు అందుకుంటుంది. గుడి పక్క కొబ్బరిచెట్టుకి కట్టిన రెండు హారన్లలో ఒకటి సరిగ్గా మా పెరటికేసి ఉంటుంది. చిన్నప్పటినుంచీ వింటున్నా నాకది ఏనాడూ గోల అనిపించలేదు. ఆదివారం కాలవ అవతల చర్చి మైకు వినపడితే మాత్రం మొదటి పాటకే "అబ్బా, మొదలెట్టారు" అనేవాణ్ణి.

మొన్న టెన్త్ చదివే మా అమ్మాయి చెవుల్లో దూది పెట్టుకుని సివిక్స్ బట్టీ పడుతోంది. "మత స్వాతంత్ర్యపు హక్కు, ఆర్టికల్ 25 నుంచి 28." అందులో ఏముందే అంటే, "బిట్‌కి నంబర్లు చాలు నాన్నా" అంది. దాన్నేమనను? నేనూ అలాగే పాసయ్యాను.

అసలు ఆర్టికల్ 25 మొదలయ్యేదే షరతుతో. ప్రజాశాంతికీ, నైతికతకీ, ఆరోగ్యానికీ, మిగతా ప్రాథమిక హక్కులకీ లోబడి. ఆ తర్వాతే నచ్చిన మతాన్ని నమ్మడం, ఆచరించడం, ప్రచారం చేసుకోవడం. మనం రెండో సగమే పట్టుకుని అరుస్తాం. పక్కవాళ్ళ ప్రశాంతత చెడగొట్టి ప్రార్థన చేయమని ఏ మతమూ చెప్పదని 2000లో సుప్రీంకోర్టు మద్రాసు చర్చి కేసులో అంది. దాన్ని మావాళ్ళు "చూశారా, చర్చికి మొట్టికాయ" అని వాట్సాప్‌లో తిప్పుతారు. "ఏ మతమూ" అంటే అందులో మన గుడీ ఉంది మహానుభావా! అదే ఏడాది వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దున్న 6 దాకా బయటికి మైకు పెట్టకూడదు. పండగలకి ప్రభుత్వం సడలించినా ఏడాదికి 15 రోజులు మించకూడదు, అదీ అర్ధరాత్రి దాకానే. నాలుగున్నర ఏ లెక్కలోకీ రాదు.

చట్టమంటే నోరు మూయించడమే అనుకోకండి. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ పిల్లలు ముగ్గురు జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడ్డారు, తమ మత నమ్మకం ఒప్పుకోదని పాడలేదు. బడి వెళ్ళగొట్టింది. తిరిగి చేర్చుకోమని 1986లో సుప్రీంకోర్టులో చెప్పింది మన తెలుగు జడ్జి ఓ. చిన్నపరెడ్డి గారి బెంచే. ఈ ముచ్చట బిట్‌గా రాదు కాబట్టి పిల్లలకెవరూ చెప్పరు.

సరే, గుడి కమిటీ పెద్దాయన దగ్గరకెళ్ళాను. "ఆరు దాటాక పెడదామండీ, పిల్లలకి పరీక్షలు" అన్నాను. ఆయన చుట్ట తీసి, నేనేమన్నా అటు కలిసిపోయానా అన్నట్టు ఎగాదిగా చూసి, "ముందు ఆళ్ళని ఆపమనండి, ఆయ్" అన్నారు. కాలవ దాటి పాస్టరు గారినీ అడిగాను. "మేం ఆదివారం తొమ్మిదింటికి కదండీ పెట్టేది?" అన్నారు. ఇన్నేళ్ళూ నేను విసుక్కున్నది టైము తప్పని మైకుని!

నిన్న పొద్దున్న చూస్తే ఆ హారన్ మా పెరటికేసి లేదు. పెద్దాయన గుడి దగ్గర నన్ను ఆపి, "మీ అమ్మాయికి ఇబ్బందన్నారు కదండీ, తిప్పించేశానండీ" అన్నారు.

తలెత్తి చూశాను. అది కాలవ అవతలికి తిరిగి ఉంది.