సన్మానాలు సరే, పనిముట్లు ఎక్కడ?

అమెరికాలోని మన తెలుగు సంఘాల వార్షికోత్సవాల్లో ఒక ఘట్టం ఏటా తప్పదు. స్పెల్లింగ్ పోటీల్లో గెలిచినవారికి, కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో మంచి స్కోరు తెచ్చుకున్నవారికి శాలువా, జ్ఞాపిక, ఫొటో. సంతోషమే. మరి పాడైన మిక్సీని విప్పి బాగుచేసిన పిల్లనో, పెరట్లో సొరపాదుకు పందిరి వేసిన పిల్లవాడినో ఎన్నడైనా వేదిక ఎక్కించామా?

చేతిపనిని వదిలి మార్కులకే విలువిచ్చే ఈ జాడ్యం మనం స్వదేశం నుంచి వెంట తెచ్చుకున్నదే. ఇంటర్మీడియట్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ ప్రాక్టికల్స్‌కు 30 మార్కుల చొప్పున ఉంటాయి. మా కాలేజీలో ల్యాబు తాళం తీసేది పరీక్షల ముందే. అప్పటిదాకా సీనియర్ల రికార్డు చూసి బొమ్మలతో సహా ఎక్కించుకోవడమే మా ప్రయోగం. బ్యూరెట్ అనే కొలత గీతల గాజు గొట్టం నుంచి ద్రావణాన్ని చుక్కచుక్కగా వదులుతూ, ఫ్లాస్కులో లేత గులాబీ రంగు నిలిచిన క్షణాన చెయ్యి ఆపడం ఎవరైనా పక్కన నిలబడి నేర్పితేనే పట్టుబడుతుంది. మాకు ఆ అవసరమే రాలేదు, రావలసిన విలువ రికార్డులోనే ఉంది కదా!

ఇక్కడ అమెరికాలో మన పిల్లలకు అందుబాటులో ఉన్న మంచి నమూనా ‘ఫస్ట్’ రోబోటిక్స్, అంటే పిల్లలు జట్లుగా రోబోలు తయారుచేసే పోటీ. ఆవిష్కర్త డీన్ కేమెన్ 1989లో స్థాపించిన ఈ సంస్థ హైస్కూలు జట్ల పోటీలను 1992లో మొదలుపెట్టింది. ఏటా జనవరిలో ఆ ఏటి ఆట ఏమిటో చెబుతారు. కొద్ది వారాల్లో రోబోను తయారుచేసి పోటీకి దింపాలి. ఇంజనీర్లు, మెషినిస్టులు జీతం లేకుండా వచ్చి పిల్లల పక్కన నిలబడతారు. ఉత్తమ మార్గదర్శకులకు ఎంఐటీ ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్ పేరిట అవార్డు ఉంది, దానికి పేరు ప్రతిపాదించేది విద్యార్థులే.

మా ఊరి జట్టు షెడ్డులో ఒక సాయంత్రం ఒక అమ్మాయి చేస్తున్న రోబో మోటారు తిరగలేదు. ఆ అమ్మాయి పక్కనే ఉన్న మార్గదర్శకుడు, ఒక పెద్దాయన వైపు చూసింది. ఆయన కరెంటు పరీక్షించే మల్టీమీటర్ చేతికిచ్చి ఊరుకున్నారు. బ్యాటరీ చూసింది, బాగానే ఉంది. బ్రేకర్ చూసింది, అదీ బాగానే ఉంది. అప్పుడు మాత్రం, “ఒక్కో తీగనూ కొంచెం లాగి చూడమ్మా” అన్నారు. మూడో తీగ కనెక్టరులోంచి ఊడి చేతికొచ్చింది. ఆయనే బిగించి ఉంటే రెండు నిమిషాల పని. ఆ అమ్మాయికి నలభై నిమిషాలు పట్టింది, చదువంటే ఆ నలభై నిమిషాలే. ఇంతలో ఒక తండ్రి వచ్చి, తమ బిడ్డ జట్టు కెప్టెన్ అయితే కాలేజీ దరఖాస్తుకు పనికొస్తుందా అని అడిగారు!

స్వస్థలంలో బడికి గది కట్టించి శిలాఫలకం మీద పేరు చెక్కించుకునే దాతలకూ ఒక మాట. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ప్రాంగణం చూసి రండి. 1999లో మొదలైన ఈ సంస్థ ప్రయోగ సామగ్రిని వ్యాన్లలో ప్రభుత్వ బడులకు చేరుస్తుంది. ప్రయోగం నేర్చుకున్న పిల్లలే తోటిపిల్లలకు చేసి చూపిస్తారు.

మన సంఘానికి ఇందులో కొంతైనా సాధ్యమే. సభ్యుల్లో ఎవరికి ఏ పని వచ్చో జాబితా రాసుకుందాం. స్వదేశం నుంచి ఆరు నెలలకని వచ్చి టీవీ ముందు కూర్చునే అమ్మానాన్నలను మరవవద్దు. వారిలో సేద్యం చేసినవారు, కుట్టుపని తెలిసినవారు ఉన్నారు. నెలకో శనివారం ఒక్కొక్కరికి ఇద్దరు ముగ్గురు పిల్లలను అప్పగిద్దాం. భద్రత, బీమా ముందే చూసుకోవాలి. పనిముట్ల డబ్బు సంక్రాంతి డీజే ఖర్చులోంచి తీయవచ్చు. సాంస్కృతిక కమిటీకి కోపం వస్తుందని తెలుసు, అయినా వచ్చే కార్యవర్గ సమావేశంలో ఈ మాట ఎత్తుతాను.