ఇంగ్లిష్‌ను పిల్లల బారి నుంచి కాపాడుకుందాం

ఈ మధ్య వరంగల్‌లో ఎవరిని కదిపినా ఒకటే ఏడుపు. ఆరు నుంచి పది దాకా అయిదేళ్ళు హైస్కూల్లో ఇంగ్లిష్ చదివిన పిల్లగాడిని, కేరళ ఎక్స్‌ప్రెస్ దిగినాయన ఎవరో స్టేషన్ బయట ఆటోలు ఎక్కడ దొరుకుతాయని ఇంగ్లిష్‌లో అడిగితే, చెయ్యి చాపి చూపించి జారుకున్నాడట, నోరు మాత్రం విప్పలేదట. ఏదో ఘోరం జరిగినట్టు పెద్దమనుషులు తలలు పట్టుకుంటున్నారు. నాకైతే ఇందులో ఘోరమేమీ కనిపించలేదు. హైస్కూల్ ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ ఎవరి మెప్పూ కోరకుండా, ఏళ్ళ తరబడి పట్టుదలగా చేసిన పనికి ఇది ఫలితం. తిట్టడం మానేసి ఆ డిపార్ట్‌మెంట్‌కు శాలువా కప్పాలని నా మనవి.

ఎందుకంటే భాష జనం నోట్లో పడితే ఏమవుతుందో మనకు బాగా తెలుసు. ఉర్దూనే చూడండి. నిజాం కాలంలో సర్కారు కచేరీల్లో, బళ్ళలో దర్జాగా కూర్చోవాల్సిన భాష, మన నాలుకల మీద పడి దవాఖానా, జల్దీ, బేకార్, పరేషాన్ అంటూ పొలం గట్ల మీద తిరిగింది, అంగట్లో బేరాలాడింది, ఇవి తెలుగు మాటలు కావంటే మా ముసలమ్మలు కొట్టడానికి వచ్చేంతగా కలిసిపోయింది. ఇంత జరుగుతుంటే దానికి ఎవరూ మార్కులు వేయలేదు, ఎవరూ గైడ్లు అమ్మలేదు, అసలు బడి గడప తొక్కనివాళ్ళు కూడా మాట్లాడేశారు. ఎంత అరాచకం! ఇంగ్లిష్‌కు ఆ గతి పట్టకుండా మన హైస్కూళ్ళు అడ్డం నిలబడ్డాయి. లక్నేపల్లిలో పుట్టి హన్మకొండలో చదువుకున్న పీవీ నరసింహారావు అన్నేసి భాషలు మాట్లాడేవారని గొప్పగా చెప్పుకుంటాం కదా, ఆయన కాలానికి ఇప్పటి మన పద్ధతి ఇంకా రాలేదు, తప్పించుకున్నారు.

డిపార్ట్‌మెంట్ అనగానే పెద్ద భవనం ఊహించుకోకండి. మా వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్ అంటే చాలాచోట్ల ఒక స్కూల్ అసిస్టెంట్, అంటే ఇంగ్లిష్ సారు, స్టాఫ్‌రూమ్‌లో ఒక కుర్చీ, తలుపు సరిగా పడని ఒక బీరువా. ఆయనకు బదిలీ అయితే డిపార్ట్‌మెంట్ మొత్తం బైక్ మీద నర్సంపేటకు వెళ్ళిపోతుంది. ఆ ఒక్క మనిషే పైనుంచి ఇంగ్లిష్‌లో వచ్చిన సర్క్యులర్‌ను అందరికీ విడమర్చి చెప్పాలి, యూడైస్ అనే సర్కారు సైట్‌లో బడి వివరాలు ఎక్కించాలి, ఎన్నికలొస్తే డ్యూటీకి పోవాలి, లెక్కల సార్ సెలవు పెడితే ఆ పీరియడ్‌లోనూ కూర్చోవాలి, మధ్యలో ఖాళీ దొరికితే పాఠం చెప్పాలి. ఆయన మీద నాకేం కోపం లేదు. ఆయన చేతికిచ్చిన పథకమే అంత పకడ్బందీగా ఉంది, ఎవరు నడిపినా ఇదే ఫలితం వస్తుంది.

పథకం ఏమిటంటారా? పదో తరగతి పబ్లిక్ పరీక్షలో ఇంగ్లిష్‌కు 80 మార్కులు, మొత్తం రాతే, నోరు తెరిచినందుకు ఒక్క మార్కు లేదు. అంతే. మిగతాదంతా దానంతటదే జరిగిపోతుంది.

ఈ రాతలో నాకు అన్నిటికన్నా నచ్చింది సంభాషణ రాయమనే ప్రశ్న. చెట్ల పెంపకం గురించి ఇద్దరు స్నేహితుల సంభాషణ రాయమంటారు. రవి హాయ్ అంటాడు, రాజు హాయ్ అంటాడు, హౌ ఆర్ యూ, ఐ యామ్ ఫైన్, వాట్ అబౌట్ యూ, ఐ యామ్ ఆల్సో ఫైన్, ఇక్కడికే సగం పేజీ నిండుతుంది, ఇంకో రెండు ముక్కల్లో చెట్లు గబగబా నాటేసి ఓకే బై, సీ యూ టుమారో. చెట్ల బదులు వరదలిచ్చినా, ప్లాస్టిక్ ఇచ్చినా, రోడ్డు ప్రమాదాలిచ్చినా రవీ రాజూ ఫైన్‌గానే ఉంటారు. మాట్లాడటమనే పనిని మాట్లాడకుండా చేయించవచ్చని ఎవరికి తట్టిందో కానీ, ఆయనకు దండం పెట్టాలి. ఇవే నాలుగు ముక్కలు పక్క బెంచీవాడితో నిజంగా నోటితో అన్నారనుకోండి, ఏందిరా ఆ గుసగుస అని బయట నిలబెడతారు.

ఇంకో ప్రశ్నలో పాఠంలోని మనిషి ఆ రాత్రి రాసుకున్న డైరీ రాయాలి. సొంత డైరీ రాస్తే అన్న చదివేస్తాడని భయపడే పిల్ల, ముక్కూ మొహం తెలియనివాళ్ళ డైరీని మాత్రం ధైర్యంగా ఇంగ్లిష్‌లో రాసేస్తుంది. టుడే ఈజ్ ఎ మెమరబుల్ డే ఇన్ మై లైఫ్ అని మొదలుపెట్టమని సార్ చెప్పారు కాబట్టి, కథలో ఆ మనిషి ఇల్లు ఆ రోజే కాలిపోయినా మెమరబుల్ డేనే.

ఇక లీవ్ లెటర్. దానికి నేను వేరే గౌరవం ఇస్తాను. మన దగ్గర బడికి పోయిన ప్రతి మనిషికీ, బడి మానేసి ఇరవై ఏళ్ళయినవాళ్ళకు కూడా, కంఠతా వచ్చిన ఇంగ్లిష్ రచన అదొక్కటే. యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్. కడుపునొప్పికీ జ్వరమే, మేనమామ పెళ్ళికీ జ్వరమే, పత్తి ఏరడానికి పోయినా జ్వరమే. రెండేళ్ళకోసారి మాఘమాసంలో మేడారం జాతర వచ్చిందంటే, ఇచ్చిన సెలవులు చాలక, సగం తరగతికి ఒకేసారి జ్వరం తగులుకుంటుంది. జాతర ముగిశాక అమ్మవార్ల బంగారం, అదే బెల్లం, పొట్లం కట్టుకొని జ్వరం దిగినవాళ్ళంతా బడికొస్తారు. సార్ ఆ పొట్లంలోంచి ఒక ముక్క నోట్లో వేసుకొని లెటర్ మీద సంతకం పెడతారు. జాతరకు పోయానని నిజం రాయమంటే పిల్లవాడు కొత్త వాక్యం కట్టాలి, సార్ దాన్ని దిద్దాలి, ఇద్దరికీ టెన్షన్. ఒక్క జ్వరంతో ఎంత శాంతి!

ప్యాసివ్ వాయిస్ విలువ కూడా జనానికి తెలియడం లేదు. రామా రోట్ ఎ లెటర్ అన్నదాన్ని ఎ లెటర్ వాజ్ రిటెన్ బై రామా అని తిప్పిస్తారు, ఆ తర్వాత బై రామా కూడా ఎత్తేయొచ్చని చెప్తారు. ఆ చివరి మెట్టు ఎక్కినవాడికి సర్కారు కొలువులో తిరుగుండదు. రోడ్డు తవ్వబడింది, బిల్లు చెల్లించబడింది, రామా ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు.

పొద్దున ప్రార్థనలో చెప్పే ప్రతిజ్ఞ సంగతి చూడండి. అది నల్గొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో తెలుగులో రాసింది. మనవాడు తెలుగులో రాసినదాన్ని ఇంగ్లిష్‌లోకి పంపించి, మళ్ళీ మన పిల్లలతో ఇండియా ఈజ్ మై కంట్రీ అని మొదలుపెట్టించి, మధ్యలో ఎక్కడా ఊపిరి తీయకుండా చివరిదాకా ఒకే రాగంలో పాడిస్తున్నాం. సోదర సోదరీమణులు ఎక్కడ వచ్చి ఎక్కడ పోయారో ఎవరికీ తెలియదు, అందువల్ల ఎవరికీ అభ్యంతరమూ ఉండదు.

2022-23లో సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టి, ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు ఇచ్చారు. ఇది భాషా రక్షణలో గొప్ప ముందడుగు. మా పక్కింటి అమ్మాయి పుస్తకం తెరిచి చూశాను. తెలుగు పేజీ గీతలు పడి, మడతలు పడి, అన్నం మెతుకు అంటుకొని ఉంది. ఇంగ్లిష్ పేజీ ప్రెస్సు నుంచి ఇప్పుడే వచ్చినట్టు తళతళలాడుతోంది. (ప్రైవేటు బడుల్లో కొన్ని ఇంకో దారి పట్టాయి, తెలుగు మాట్లాడితే జరిమానా వేస్తారు. ఇంగ్లిష్ రాదు, తెలుగు కూడదు కాబట్టి పిల్లలు మౌనంగా ఉంటారు. డిసిప్లిన్ బాగుందని తల్లిదండ్రులు ఫీజు కడతారు.)

పథకాన్ని పాడుచేసేవాళ్ళు అప్పుడప్పుడు వస్తుంటారు. ఒక బడికి తనిఖీకి వచ్చిన కొత్త ఆఫీసరు, పేరేమిటి, ఏ క్లాసు అని అడిగి పోకుండా, నిన్న సాయంత్రం ఏం చేశావని ఇంగ్లిష్‌లో అడిగాడు. క్లాస్ ఫస్ట్ వచ్చే పిల్లాడు లేచి, ఎంతో మర్యాదగా, "సార్, గిది ఏ లెసన్ల ఉన్నది?" అన్నాడు. న్యాయమే కదా, నిన్న సాయంత్రం సిలబస్‌లో లేదు.

సరే, భావోద్వేగాలు పక్కన పెట్టి డబ్బు మాట్లాడుకుందాం. హన్మకొండలో నయీంనగర్ నుంచి నక్కలగుట్ట దాకా నడిస్తే స్పోకెన్ ఇంగ్లిష్ బోర్డులు ఎన్నో చూడండి. హైస్కూలే మాట్లాడించేస్తే వాళ్ళంతా ఏం తినాలి? వాళ్ళ తర్వాత ఇంటర్వ్యూ స్కిల్స్ వాళ్ళున్నారు, ఆ తర్వాత అమెరికా పోయేవాళ్ళకు టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ కోచింగ్ వాళ్ళున్నారు. ఒకే పిల్లవాడికి ఒకే భాషను ఇన్నిసార్లు అమ్మగలుగుతున్నామంటే పునాది హైస్కూల్లో పడింది. గైడ్లు, క్వశ్చన్ బ్యాంకులు, ప్రాజెక్టు వర్కును చార్టుతో సహా తయారుచేసి ఇచ్చే జిరాక్స్ షాపులు, వీటి లెక్క వేరు. కవి కాళోజీ తిరిగిన ఊరు కాబట్టి ఏటా ఆయన పుట్టినరోజు సెప్టెంబర్ 9న తెలంగాణ భాషా దినోత్సవానికి తెలుగు గురించి కన్నీళ్ళు పెట్టుకుంటాం. పెట్టుకున్నాక సాయంత్రం పిల్లల్ని బండి మీద తీసుకెళ్ళి ఆ బోర్డుల కిందే దింపుతాం.

ఆ ప్రాజెక్టు వర్కు, స్లిప్ టెస్టులనే చిన్న పరీక్షలు వంటివాటికి కలిపి బడిలోనే వేసే ఇంటర్నల్ 20 మార్కులు ఎత్తేస్తామని 2024 నవంబర్‌లో సర్కారు ప్రకటించగానే జిరాక్స్ షాపుల గుండె జారింది. మర్నాడే, ఆ ఏడాదికి పాత పద్ధతే అన్నారు. ప్రజాస్వామ్యం ఇంకా బతికే ఉంది.

ఇప్పుడు కొందరు మేధావులు ఆ 20లోంచి పది మార్కులు తీసి మాట్లాడే పరీక్షకు ఇవ్వాలంటున్నారు. పిల్లవాడిని ఎదురుగా కూర్చోబెట్టి అయిదు నిమిషాలు ఏదో ఒకటి మాట్లాడించాలట. ఎదురుగా కూర్చునే మనిషి కూడా అయిదు నిమిషాలు మాట్లాడాల్సి వస్తుందని వీళ్ళకు తట్టినట్టు లేదు, స్టాఫ్‌రూముల్లో మాత్రం అందరికీ వెంటనే తట్టింది. నేనూ కాస్త కంగారుపడి, మా చౌరస్తా పుస్తకాల షాపాయన్ను కనుక్కుందామని వెళ్ళాను. ఆయన నవ్వి, "ఏం రంది పెట్టుకోకుండ్రి సార్, జీవో రానీయండి, వారంల గైడ్ దింపుతం" అన్నాడు. అడిగే ప్రశ్నలు, చెప్పాల్సిన జవాబులు, ఎక్కడ ఆగి ఆలోచిస్తున్నట్టు తల గోక్కోవాలో కూడా అందులోనే ఉంటాయట. ఎగ్జామినర్‌కు వేరే ఎడిషన్.